వరదలో పోయిన టీకా కార్డులు

ఈ వారం వచ్చిన ఉత్తరం పెద్దది. రాసినావిడ తన పేరు బయటపెట్టవద్దన్నారు. ఖమ్మంలో మున్నేరు ఒడ్డున ఒక కాలనీలో ఉండేవారు. 2024 సెప్టెంబరు 1న వచ్చిన వరదకు ఇల్లు నడుం ఎత్తున మునిగింది. బీరువా కింది అరలో పెట్టిన పిల్లలిద్దరి టీకా కార్డులు, ఆసుపత్రి కాగితాలు, పెళ్లి ఆల్బమ్ అన్నీ బురదలో కలిసిపోయాయి. "కార్డు చేతిలోకి తీసుకుంటే నానిన అప్పడంలా ముక్కలైపోయింది. పెన్నుతో రాసిన తేదీలన్నీ నీలం మరకలే" అని రాశారు. ఈ మే నెలలో భర్త ఉద్యోగం మారి హైదరాబాద్ వచ్చారు. పిల్లలిద్దర్నీ కొత్త ప్రైవేటు బడిలో చేర్చారు. అమ్మాయి 2015 అక్టోబరులో పుట్టింది, ఇప్పుడు ఐదో తరగతి. అబ్బాయి 2020 ఫిబ్రవరిలో పుట్టాడు, ఒకటో తరగతి.

బడివాళ్లు ఒక ఫారం ఇచ్చారు. ఒక పక్క టీకాల పేర్లు, ఇంకో పక్క తేదీలు, అడుగున డాక్టరు సంతకం, ముద్ర. పదిహేను రోజుల్లో ఇవ్వాలని క్లాస్ టీచర్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. అందరూ ఇచ్చేశారు, తానొక్కదాన్నే మిగిలానని ఈవిడకు ఒకటే టెన్షన్. భర్తకు తెలిసిన ఒకాయన ఐదొందలు తీసుకుని తేదీలన్నీ నింపి, ముద్ర వేయించి ఇస్తాడట. "ఎలాగూ అన్నీ వేయించాం కదా, ఇందులో అబద్ధం ఏముంది?" అని భర్త అంటున్నారు. అత్తగారిది ఇంకో మాట: "మేం నలుగుర్ని పెంచలేదా? అప్పుడు ఏ కాగితాలున్నయ్?" దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే ఇద్దరికీ కలిపి ఇరవై రెండు వేలయ్యే జాబితా రాసిచ్చారు. అన్నీ మళ్లీ వేయిస్తే డోసు ఎక్కువై పిల్లలకేమైనా అవుతుందేమోనని భయం.

ఆవిడకు గుర్తున్నది ఇదీ. అమ్మాయికి మొదటి ఏడాది టీకాలు కృష్ణా జిల్లాలో పుట్టింటి ఊళ్లో, సబ్‌సెంటర్‌లో వేయించారు. తర్వాత ఖమ్మంలో అంగన్‌వాడీలో ఒకటి, ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర కొన్ని. పోయిన చలికాలం ఖమ్మం బడికి నర్సులు వచ్చి టీడీ టీకా (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసేది) వేస్తామంటే, ఇదివరకే పడిందేమోనన్న అనుమానంతో ఈవిడ సంతకం పెట్టలేదు. అబ్బాయి ఖమ్మం ప్రభుత్వాసుపత్రిలో పుట్టాడు. సరిగ్గా నెలన్నర టీకాల సమయానికి లాక్‌డౌన్ వచ్చిపడింది. జూన్‌లో మొదలుపెట్టారు. ఆ తర్వాతవి కలిసిపోయి గుర్తున్నాయి. "ఏడాదిన్నర టీకాలు వేయించానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. తల్లినై ఉండి ఇది కూడా తెలియదా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు మీ ఆఖరి మాట దగ్గర మొదలుపెడతాను. ప్రభుత్వ పట్టిక ప్రకారమే ఒక బిడ్డకు పుట్టిన రోజు, ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో, ఏడాదిన్నరకు, ఐదేళ్లకు, పదేళ్లకు, పదహారేళ్లకు టీకాలు పడాలి. తొమ్మిది సార్లు. చిన్నప్పుడైతే ఒక్కోసారి మూడు నాలుగు మందులు. మీకు ఇద్దరు పిల్లలు, రెండు రాష్ట్రాలు, మధ్యలో ఒక కరోనా, ఒక వరద. ఇవన్నీ తేదీలతో సహా గుర్తుంచుకున్న తల్లిని నా ఇన్నేళ్ల వైద్యంలో నేను చూడలేదు. ఎవరికీ గుర్తుండదనే కార్డు పెట్టారు. నీళ్లలో పోయింది ఆ కార్డు మాత్రమే, పిల్లల ఒంట్లోకి వెళ్లిన మందు ఎక్కడికీ పోలేదు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకదానికొకటి చిక్కుపడ్డాయి. బడికి కాగితం ఎలా ఇవ్వాలన్నది ఒకటి. పిల్లలకు నిజంగా ఏవి పడ్డాయి, ఏవి పడలేదు అన్నది రెండోది. పదిహేను రోజుల గడువు ఉంది కాబట్టి మీ ఇంట్లో అందరూ మొదటిదాని గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే అసలు గడువు రెండోదానికి ఉంది, అదీ మీ అబ్బాయికి. కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం ఈ మూడింటికీ కలిపి వేసే డీపీటీని మన ప్రభుత్వ టీకాల పథకంలో ఏడేళ్లు నిండేదాకానే వేస్తారు. ఏడాదిన్నరకు ఒక బూస్టరు, అంటే రక్షణను మళ్లీ పెంచే డోసు, ఐదేళ్లు దాటాక ఇంకొకటి. బాబుకు వచ్చే ఫిబ్రవరికి ఏడు నిండుతాయి. ఐదేళ్ల బూస్టరు గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయలేదు. అంటే అది పడలేదనే నేను అనుకుంటున్నాను. వరద తర్వాతి సర్దుబాట్లలో అది తప్పిపోవడం చాలా మామూలు విషయం.

దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు అన్నిటికంటే తేలిగ్గా వదిలేసేది ఈ టీకానే. ఏడాదిన్నర దాటగానే టీకాలు అయిపోయాయనుకుంటారు. కానీ కంఠసర్పి మీద పసితనంలో వచ్చిన రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. బూస్టర్లు తప్పిన పిల్లలకు సరిగ్గా బడి వయసులోనే అది పట్టుకుంటుంది. గొంతులో బూడిదరంగు పొర కడుతుంది, మెడ వాస్తుంది, ఊపిరి అందదు. ఆ క్రిమి వదిలే విషం గుండె మీద పనిచేస్తుంది. ఇది పాత కాలం రోగమని మీవారు అనుకోవచ్చు. మీరిప్పుడున్న హైదరాబాద్‌లోనే నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉంది, పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. కంఠసర్పి పిల్లలను ఏళ్ల తరబడి చేర్చుకుంటూ వచ్చిన ఆసుపత్రి అది. అక్కడ కనిపించే కంఠసర్పి రోగులలో బడికెళ్లే వయసు వాళ్లే ఎక్కువ.

ఇక పాత వివరాలు వెతకడం. చేతిలో కార్డు లేకపోతే అన్నీ పోయినట్టే అనుకుంటున్నారు మీరు. కార్డు ఒక్కటే పోయింది. వివరాలు ఇంకా కొన్ని చోట్ల ఉండే అవకాశం ఉంది. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజుల్లో మా ఏఎన్ఎం (ఊళ్లలో టీకాలు వేసే నర్సు) గదిలో గోడకు గుడ్డతో కుట్టిన పొడుగాటి సంచి ఒకటి వేలాడుతుండేది. నెలకో జేబు. తల్లికి కార్డు ఇచ్చేటప్పుడు దాని పక్క ముక్కను చింపి, ఆ బిడ్డకు తర్వాతి టీకా ఏ నెలలో వేయాలో ఆ నెల జేబులో పెట్టేవారు. ఈ నెల జేబు ఖాళీ కాలేదంటే ఎవరో రాలేదని అర్థం. సాయంత్రం ఆ ముక్కలు పట్టుకుని ఆశా కార్యకర్త ఇళ్లకు బయలుదేరేది. ఆ ముక్కతో పాటు రిజిస్టర్లో ఒక వరుస కూడా రాసేవారు: తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, బిడ్డ పుట్టిన తేదీ, ఆపైన ఒక్కో టీకాకూ ఒక్కో గడి.

అలాంటి వరుస ఒకటి మీ అమ్మాయి పేరుతో మీ పుట్టింటి ఊరి సబ్‌సెంటర్‌లో ఉండొచ్చు. మీ అమ్మగారో తమ్ముడో ఒకసారి వెళ్లి అడిగితే చాలు, మీరు హైదరాబాద్ నుంచి పరుగెత్తనక్కర్లేదు. బుధవారం గానీ శనివారం గానీ వెళ్లమనండి, టీకాల రోజులవి, ఏఎన్ఎం దొరికే అవకాశం ఎక్కువ. అమ్మాయి పేరు చెబితే దొరక్కపోవచ్చు, అప్పటికి పేరే పెట్టి ఉండరు. రిజిస్టర్లో "బేబీ ఆఫ్" అని మీ పేరు ఉంటుంది. అదీ మీ పుట్టింటి ఇంటిపేరుతో ఉండొచ్చు. పుట్టిన తేదీ, మీ పేరు, ఆశా కార్యకర్త ఎవరో చెబితే వెతకడం సులువు. దొరికితే ఆ పేజీని ఫొటో తీసుకుని ఊరుకోకుండా, కొత్త కార్డు మీద ఆ తేదీలు ఎక్కించి సంతకం పెట్టమని అడగమనండి.

అబ్బాయి సంగతి ఇంకొంచెం తేలిక. ప్రభుత్వాసుపత్రిలో పుట్టాడు కాబట్టి మీకు కేసీఆర్ కిట్ వర్తించి ఉండాలి. ఆ పథకంలో డబ్బు ఒకేసారి ఇవ్వలేదు, టీకాలకు ముడిపెట్టి విడతలుగా వేశారు. ప్రసవం అప్పుడు ఒకటి, పద్నాలుగు వారాల టీకాలు పూర్తయ్యాక 2,000 రూపాయలు, తొమ్మిదో నెల టీకా తర్వాత 3,000 రూపాయలు. బ్యాంకు నుంచి ఆ రోజుల స్టేట్‌మెంటు తీయించండి. ఆ విడతలు పడి ఉంటే, ఆ టీకాలు వేసినట్టు ఎవరో కంప్యూటర్లో ఎక్కించారని అర్థం. పాసుబుక్కు టీకాకు రుజువు కాదు. డబ్బు ఆలస్యంగా పడి ఉండొచ్చు, అసలు పడకపోయీ ఉండొచ్చు. కానీ ఖమ్మంలో మీ ప్రాంతపు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి "మావాడి పేరు మీ దగ్గర ఉంది, చూడండి" అని గట్టిగా అడగడానికి అది మంచి ఆధారం. గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు మీ పాత ఫోన్‌లో గానీ స్కానింగ్ కాగితం మీద గానీ దొరికితే ఇంకా మంచిది.

ఇంకో రెండు చోట్లు చాలామందికి తట్టవు. ఒకటి, ఖమ్మంలో పిల్లలు చదివిన పాత బడి. నర్సరీలో చేర్చేటప్పుడు జనన ధ్రువపత్రంతో పాటు టీకా కార్డు జిరాక్సు ఇచ్చారేమో గుర్తు చేసుకోండి. ఆ అడ్మిషన్ ఫైలు ఇంకా వాళ్ల దగ్గరే ఉండాలి. రెండోది మీ ఫోన్లు. టీకాల రోజున బంధువులకు పంపిన ఫొటోలు, ఎవరికో "ఈ తేదీకి రమ్మన్నారు" అని పెట్టిన మెసేజ్, అక్కాచెల్లెళ్ల గ్రూపులో కార్డు ఫొటో. మీ ఫోన్ నీళ్లలో పోయినా అవతలివాళ్ల ఫోన్‌లో ఉంటుంది. ప్రైవేటు డాక్టరు దగ్గర వేయించినవాటికి ఆయన క్లినిక్ కంప్యూటర్లోనో పాత ఫైలులోనో వివరాలుంటాయి. ఒక ఫోన్ కాల్ చేసి చూడండి.

వెతికేటప్పుడు ఒక పొరపాటు చేయకండి. ఇప్పుడు ఆసుపత్రి గోడ మీద ఉన్న పట్టిక చూసి, అందులో ఉన్నవన్నీ మీ పిల్లలకు పడలేదే అని కంగారు పడకండి. ఆ పట్టిక ఏళ్లతో పాటు పెరుగుతూ వచ్చింది. మీ అమ్మాయికి తొమ్మిది నెలలు నిండేసరికి 2016 జూలై. అప్పుడు వేసింది తట్టు టీకా ఒక్కటే. రుబెల్లా కలిపిన ఎమ్మార్ మన రెండు రాష్ట్రాల్లోకి 2017 ఆగస్టులో వచ్చింది, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో వేశారు. మీకు గుర్తున్న "అంగన్‌వాడీలో ఒకటి" అదే అయి ఉంటుందని నా అనుమానం. అమ్మాయికి అప్పటికి ఏడాది పది నెలలు. వరుసగా పిల్లల్ని నిలబెట్టడం, వేలికి సిరా గుర్తు పెట్టడం మీ జ్ఞాపకంలో ఉందా? న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ దేశమంతటా పథకంలోకి వచ్చింది 2021లో. పోలియో ఇంజెక్షన్ మూడో డోసు 2023 జనవరిలో చేరింది. మీ పిల్లలు ఆ వయసు దాటాక వచ్చినవి అవి, మీరు ఎగ్గొట్టినవి కావు.

ఇంత వెతికినా కొన్ని దొరకవు. దొరకనివాటిని ఏం చేయాలన్నదే మీ అసలు భయం. వైద్యంలో నియమం ఒకటే: తేదీతో రాసిన ఆధారం లేని డోసును పడనట్టే లెక్కేస్తారు. "వేయించినట్టే గుర్తు" అన్నది సరిపోదు. భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఒక్కటే ఒంటి మీద కనిపించే ఆనవాలు. అది ఉంటే మంచిదే, లేకపోయినా ఈ వయసులో మళ్లీ వేయరు. మిగతావాటికి ఒంటి మీద ఏ గుర్తూ ఉండదు. మళ్లీ వేయిస్తే ఏమవుతుందంటారా? తట్టు, రుబెల్లా, హెపటైటిస్ బి, పోలియో టీకాలు ఒక డోసు ఎక్కువ పడినా హాని లేదు. కంఠసర్పి, ధనుర్వాతం టీకాలు మాత్రం తక్కువ కాలంలో ఎక్కువసార్లు పడితే చెయ్యి బాగా వాచి, రెండు మూడు రోజులు నొప్పిగా ఉంటుంది. అందుకే వాటికి మధ్య వ్యవధి చూసి వేస్తారు. ఆధారం దొరికిన డోసులను మాత్రం లెక్కలోకి తీసుకుంటారు. ఎంత ఆలస్యమైనా మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోట నుంచి కొనసాగిస్తారు. లాక్‌డౌన్ వల్ల మీ బాబుకు రెండున్నర నెలలు ఆలస్యమైందని మీరు పడుతున్న బాధ ఇక వదిలేయండి.

రక్తపరీక్ష చేయిస్తే తేలిపోదా అని మీవారు అడగొచ్చు. తట్టు, రుబెల్లాకు పరీక్షలున్నాయి. హెపటైటిస్ బికీ ఉంది, కానీ చిన్నప్పుడు టీకా పడిన పిల్లల్లో రక్షణ ఉన్నా పరీక్షలో వచ్చే అంకె తగ్గిపోయి కనిపించొచ్చు. పైగా పరీక్షకు కూడా సూది గుచ్చాలి, డబ్బు కట్టాలి. ఆ సూదేదో టీకాకే గుచ్చడం మేలని నా అభిప్రాయం.

అబ్బాయి విషయంలో ఇప్పుడు ఏం మిగిలిందో చూద్దాం. డీపీటీ బూస్టరు వెంటనే వేయించండి. మీ బస్తీ దవాఖానాలో గానీ పట్టణ ఆరోగ్య కేంద్రంలో గానీ ఉచితం. ఏడాదిన్నర టీకాలకు, అంటే ఎమ్మార్ రెండో డోసు, డీపీటీ మొదటి బూస్టరుకు, ఖమ్మంలో ఆధారం దొరికితే సరే. దొరక్కపోతే ఇప్పుడు వేసే డీపీటీ తర్వాత ఇంకొకటి కావాలా వద్దా అన్నది అక్కడి డాక్టరు చూసి చెబుతారు. ఎమ్మార్ పథకంలో ఐదేళ్ల లోపు వారికే వేస్తారు కాబట్టి, ముందు ఆరోగ్య కేంద్రంలో అడిగి, కాదంటే ప్రైవేటులో ఎంఎంఆర్ వేయించండి. అందులో గవదబిళ్లల మందు కూడా ఉంటుంది. మొదటి డోసుకు ఆధారం ఉంటే ఒక్కటి చాలు. రెండింటికీ లేకపోతే నాలుగు వారాల తేడాతో రెండు. ఇందులో మీకు ఎంచుకునే వీలు ఉంది: ఖమ్మం నుంచి కబురు వచ్చేదాకా రెండు మూడు వారాలు ఆగొచ్చు, లేదా వెతుకులాట మానేసి వెంటనే వేయించొచ్చు. ఆగితే ఒక సూది తప్పొచ్చు. ఆగకపోతే బాబు ముందే భద్రం. తట్టు ఒక పిల్లవాడి నుంచి రక్షణ లేని పదిహేను మంది దాకా పాకే రోగం, గదిలో ఉంటే చాలు. నేనైతే ఎమ్మార్ కోసం రెండు వారాలకు మించి ఆగను. డీపీటీ కోసం ఒక్క రోజు కూడా ఆగను.

అమ్మాయికి పదేళ్ల టీడీ బాకీ ఉంది. మీరు సంతకం పెట్టకపోవడం తప్పేమీ కాదు, అనుమానం వచ్చినప్పుడు ఆగారు. కానీ ఇప్పుడు వేయించేయండి. పదేళ్లకు వేసేది వేరే డోసు, చిన్నప్పటివి పడినా సరే ఇది పడాలి. చిన్నప్పటి డీపీటీలకు అసలు ఏ ఆధారమూ దొరక్కపోతే ఒక్క టీడీతో సరిపోదు, ఇంకా రెండు డోసులు కావాలి. పుట్టింటి రిజిస్టరు దొరికితే ఆ రెండు సూదులు తప్పుతాయి. కాబట్టి మీ తమ్ముడి ప్రయాణం ఊరికే పోదు. హెపటైటిస్ బి కూడా అంతే: ఆధారం లేకపోతే ఆరు నెలల్లో మూడు డోసులు.

ఆ ఇరవై రెండు వేల జాబితా గురించి. మీరు రాసిన పేర్లు చూస్తే అందులో రెండు రకాలు కలిసిపోయాయి. పాత బాకీలు కొన్ని, మీ పిల్లల వయసుకు ప్రభుత్వ పట్టికలో లేనివి కొన్ని: ఆటలమ్మ, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ఫ్లూ, అమ్మాయికి హెచ్‌పీవీ. ఆ డాక్టరు మిమ్మల్ని మోసం చేశారని నేను అనను, అవీ పనికొచ్చే టీకాలే. కానీ అన్నీ ఈ నెలలోనే, ఒకే దెబ్బకు వేయించాల్సిన పని లేదు. బాకీలు ముందు, అవీ వీలైనంతవరకు ఉచితంగా. తర్వాత డబ్బు కుదిరిన కొద్దీ మిగతావి. వాటిలో ముందు దేనికి పెట్టాలని అడిగితే, అమ్మాయి హెచ్‌పీవీకి అంటాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా అది. పదిహేనేళ్లు నిండేలోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ప్రభుత్వం తరఫున ఎప్పుడు, ఏ వయసుకు ఇస్తున్నారో ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే కొనండి.

ఇక బడి ఫారం. టీకా కార్డు లేదని పిల్లవాణ్ని బడి నుంచి పంపించేయాలన్న చట్టం మన దేశంలో లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం వయసు రుజువు లేదని కూడా చేరిక నిరాకరించకూడదంటుంది. బడివాళ్లు అడగడం మాత్రం తప్పు కాదు, మంచిది. ఎవరైనా పిల్లవాడికి తట్టు వస్తే ఏ పిల్లలకు రక్షణ లేదో వాళ్లకు వెంటనే తెలియాలి. అందుకే మీ ముందు నేను పెట్టే దారి ఇది: తెలిసిన గడులు నింపండి, తెలియని గడులను ఖాళీగా వదిలేయండి, ఒక ఉత్తరం జతచేయండి. "2024 సెప్టెంబరు వరదలో కార్డులు పోయాయి. పాత వివరాలు తెప్పిస్తున్నాము. ఫలానా తేదీన టీకాలు మొదలుపెట్టాము, తర్వాతి డోసు ఫలానా తేదీన" అని రాసి, టీకా వేసిన కేంద్రం కార్డు జిరాక్సు పెట్టండి. ముందుగా ప్రిన్సిపల్ గారిని కలిసి చెప్పండి, గ్రూపులో రాయకండి. చాలా బడులు దీనికి ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే ఇంకో నెల గడువు అడగండి. అప్పటికి సగం గడులు నిజమైన తేదీలతో నిండి ఉంటాయి.

ఐదొందల కాగితం దారి కూడా ఉంది, కాబట్టి దాని ఫలితం కూడా చెప్పాలి. ఆ ఫారం ఇచ్చిన మరునాటి నుంచి మీ ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు. బాబుకు డీపీటీ పడదు. ఫిబ్రవరి గడిచిపోతుంది. రెండేళ్ల తర్వాత వాడు ఆటలో తుప్పు రేకు గీరుకుని ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరు ఆ కాగితం చూసి "బూస్టరు ఉంది కదా" అని ఇవ్వాల్సిన మందు ఇవ్వకుండా పంపిస్తాడు. తప్పుడు తేదీని నమ్మేది బడి ఒక్కటే కాదు, ఆ తర్వాత పిల్లవాణ్ని చూసే ప్రతి డాక్టరూ నమ్ముతాడు. కొన్నేళ్లకు మీకు కూడా ఏ తేదీ నిజమో ఏది రాయించిందో గుర్తుండదు. మీవారు చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేననుకోవడం లేదు. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, ఒక సమస్య తగ్గితే చాలనుకున్నారు. ఆయనతో తప్పొప్పుల గురించి వాదించకండి. ఖమ్మం వెళ్లి అడిగే పని, పాత బడికి ఫోన్ చేసే పని ఆయనకు అప్పజెప్పండి. ఆయనే వెతికి తెచ్చిన తేదీ ఒక్కటి చేతికొస్తే, ఆ ఐదొందల మాట మళ్లీ రాదు.

అత్తగారి మాటకు నాకు కోపం రాలేదు. ఆవిడ పిల్లల్ని పెంచిన కాలంలో నిజంగానే కాగితాలు లేవు. కానీ ఆవిడ వయసువాళ్లకు తట్టు వచ్చి చనిపోయిన పిల్లలు తెలుసు, పోలియోతో కాలు ఈడ్చుకుంటూ నడిచిన సావాసగాళ్లు తెలుసు. మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది, అంటే మీ పిల్లలు ఆ రోగాన్ని చూడనే లేదు. "అత్తయ్యా, మీ ఊళ్లో అప్పుడు ఎవరెవరికి వచ్చింది?" అని ఒక సాయంత్రం అడగండి. ఇంకో పని కూడా ఉంది. అబ్బాయి పుట్టినప్పుడు ఆవిడ ఖమ్మంలో మీతోనే ఉన్నారు కదా. ఏ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చేదో, ఏ అంగన్‌వాడీకి తీసుకెళ్లారో మీకంటే ఆవిడకే బాగా గుర్తుండొచ్చు.

కొత్త కార్డు చేతికొచ్చాక రెండు జాగ్రత్తలు. దాన్ని లామినేషన్ చేయించకండి. అందరూ చేసే పని ఇది. అమ్మాయికి, అబ్బాయికి పదహారేళ్ల టీడీ దాకా దాని మీద ఇంకా రాయాలి. ప్రైవేటులో వేయిస్తే మందు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, సంతకం నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ప్రభుత్వ కేంద్రంలో వేయించేటప్పుడు యూ-విన్‌లో (టీకాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) మీ మొబైల్ నంబరుతో పిల్లల పేర్లు ఎక్కించమని అడగండి. ఇకముందు పడే డోసులకు ధ్రువపత్రం ఫోన్‌లోనే వస్తుంది. పేరు స్పెల్లింగు జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే ఉండాలి. ప్రతి టీకా తర్వాత కార్డు ఫొటో తీసి మీ అమ్మగారి ఫోన్‌కి కూడా పంపండి, వేరే ఊళ్లో ఒక కాపీ ఉన్నట్టవుతుంది.

ఇదే విషయం అమెరికా వెళ్లేవాళ్లు కూడా తరచూ అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. అక్కడి బడులు గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాలు కూడా అడుగుతాయి. మన ఎమ్మార్‌లో గవదబిళ్లల మందు లేదు, ఆటలమ్మ టీకా మన పట్టికలోనే లేదు. వాటి రెండు డోసుల మధ్య నాలుగు వారాల నుంచి మూడు నెలల వ్యవధి కావాలి. విమానం టికెట్టు కొన్నాక మొదలుపెడితే సమయం చాలదు.

టీకాకు ముందు అక్కడివాళ్లకు రెండు విషయాలు చెప్పండి: ఇదివరకు ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం లాంటివి వచ్చాయా, పిల్లలు ఏవైనా మందులు రోజూ వాడుతున్నారా. మామూలు జలుబు ఉందని వాయిదా వేయకండి. అమ్మాయికి సూదంటే భయమని రాశారు. నొప్పి ఉండదని అబద్ధం చెప్పకండి, చీమ కుట్టినంత కాదు, కొంచెం ఎక్కువే ఉంటుందని చెప్పండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. పది దాటిన పిల్లలకు ఒక్కోసారి సూది తర్వాత కళ్లు తిరుగుతాయి, కాబట్టి కూర్చోబెట్టి వేయించి, ఒక అరగంట అక్కడే ఉండండి. బుధవారం బయలుదేరేటప్పుడు ఇద్దరికీ పొట్టి చేతుల చొక్కాలు వేయండి.